రెండు తరాల డీఎస్‌ఎల్‌ఆర్‌లను సరిగ్గా పోల్చడం ఎలా: కెనాన్ 5డీ మార్క్ 2, మార్క్ 4 ఉదాహరణతో

పాత బాడీతో (లెన్స్ కాకుండా కెమెరాతో) రెండు ఫొటోలు, కొత్త బాడీతో రెండు ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో నూరు శాతం జూమ్ చేసి చూసి తీర్పు చెప్పేస్తుంటారు చాలామంది. అలా చూసినప్పుడు కెమెరాల మధ్య ఉన్న తేడా కన్నా ఇతర తేడాలే ఎక్కువ కనిపిస్తాయి: కాస్త తప్పిన ఫోకస్, ఈలోగా మారిన వెలుతురు, సాఫ్ట్‌వేర్ మనకు చెప్పకుండా చేసిన దిద్దుబాటు. వాటిని ఒక్కొక్కటిగా తప్పించి, చివరికి మిగిలిన తేడా మీ పనికి పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ చూద్దాం.

ఉదాహరణకు 2008లో వచ్చిన కెనాన్ 5డీ మార్క్ 2ను, 2016లో వచ్చిన 5డీ మార్క్ 4ను తీసుకున్నాం. రెండూ ఫుల్ ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నవి), రెండింటికీ ఈఎఫ్ మౌంటే (లెన్స్ బిగించే అమరిక), రెండింటిలోనూ 14 బిట్ రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా దాచే సెన్సర్ సమాచారం), గరిష్ఠ షట్టర్ వేగం 1/8000 సెకను, ఫ్లాష్ సింక్ 1/200 సెకను. ఇన్ని విషయాలు కలిసినప్పుడు మిగిలిన తేడాలు తరం వల్ల వచ్చినవేనని ధైర్యంగా అనొచ్చు. వేరే జతకైనా పద్ధతి ఇదే.

1. ముందు కాగితం మీద లెక్క

స్పెసిఫికేషన్ల పట్టికలో పెద్దగా కనిపించే అంకెల్లో కొన్ని చిన్నవి, చిన్నగా కనిపించే వాటిలో కొన్ని పెద్దవి. మెగాపిక్సెళ్లే చూడండి. మార్క్ 2లో 21.1, మార్క్ 4లో 30.4. దాదాపు 44 శాతం ఎక్కువ. కానీ ఫొటో వెడల్పు 5616 పిక్సెళ్ల నుంచి 6720కి పెరిగింది, అంటే 20 శాతమే. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ తీస్తే ఒకటి 18.7 అంగుళాలు, మరొకటి 22.4 అంగుళాలు. మీరు వేసే ప్రింట్లు 12 అంగుళాలు దాటకపోతే ఈ వరుసను పట్టికలోంచి కొట్టేయొచ్చు.

దీనికి తిరగబడిన ఉదాహరణ ఆటోఫోకస్ సున్నితత్వం. వ్యూఫైండర్‌లోంచి చూస్తూ ఫోకస్ చేసేటప్పుడు మార్క్ 2 మైనస్ 0.5 ఈవీ (వెలుతురు కొలత, అంకె తగ్గేకొద్దీ చీకటి) వరకు, మార్క్ 4 మైనస్ 3 ఈవీ వరకు పనిచేస్తాయి. ఎవరూ పట్టించుకోని చిన్న అంకె ఇది. కానీ రెండున్నర స్టాపులంటే (ఒక్కో స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది) సుమారు ఆరో వంతు వెలుతురులో కూడా ఫోకస్ దొరుకుతుందని అర్థం.

బఫర్ (ఫొటోలు కార్డుకు చేరేలోగా నిలిచే తాత్కాలిక మెమరీ) అంకెను విడిగా చదవకండి, వేగంతో కలిపి చదవండి. వేగమైన కార్డుతో మార్క్ 2 సెకనుకు 3.9 చొప్పున 14 రా ఫొటోలు తీస్తుంది, మార్క్ 4 సెకనుకు 7 చొప్పున 21 తీస్తుంది. భాగించి చూడండి: మొదటిది సుమారు 3.6 సెకన్లకు నిండుతుంది, రెండోది 3 సెకన్లకే. ఎక్కువసేపు బటన్ నొక్కి పట్టుకునే అలవాటున్నవాళ్లకు కొత్తది ముందుగా ఆగిపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే.

2. పాత బాడీ ఆరోగ్యం చూడకుండా పోటీ పెట్టొద్దు

అరిగిపోయిన బాడీతో పోలిస్తే తెలిసేది అరుగుదలే, తరాల తేడా కాదు. కింది నాలుగూ అరగంట పని.

షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో తెలుసుకోండి. రెండు మోడళ్ల షట్టర్లకూ కంపెనీ చెప్పిన ఆయుష్షు 1,50,000. ఇక్కడ చాలామంది బోల్తాపడే చోటొకటి ఉంది. మార్క్ 2 మెనూలో బ్యాటరీ సమాచారం కింద కనిపించే షట్టర్ కౌంట్, ఆ బ్యాటరీని చివరిసారి ఛార్జ్ చేశాక తీసిన ఫొటోల లెక్క మాత్రమే. 240 అని కనిపిస్తే కెమెరా కొత్తదని మురిసిపోవద్దు. మొత్తం లెక్క కావాలంటే యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, దానికోసం ఉన్న ప్రోగ్రామ్‌తో చదవాలి. నైకాన్‌లో ఈ పని సులువు. ఫొటో ఫైలులోని ఎగ్జిఫ్ వివరాల్లోనే ఆ అంకె ఉంటుంది.

పగటి వెలుతురు సమంగా పడే తెల్లగోడను 1/4000, 1/8000 సెకన్ల వేగంతో పదేసి ఫొటోలు తీయండి. ఫ్రేమ్‌లో ఒక అంచు మరోదాని కన్నా నల్లబడినా, ఫొటోఫొటోకీ వెలుగు మారినా షట్టర్ తెరలు అలిసిపోయాయన్నమాట. ట్యూబ్‌లైటు కింద ఈ పరీక్ష చేయకండి, లైటు మినుకును షట్టర్ లోపంగా పొరబడతారు.

ఎఫ్/22 (లెన్స్ రంధ్రం, అంటే అపెర్చర్, బాగా చిన్నది) పెట్టి, ఫోకస్ పూర్తిగా తప్పించి అదే గోడను తీస్తే సెన్సర్ మీది దుమ్ము బయటపడుతుంది. బాడీ క్యాప్ బిగించి, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (నాయిస్‌ను, అంటే ఫొటోలో ఇసుకలాంటి మచ్చలను, తగ్గించే సెట్టింగ్) ఆపేసి, 30 సెకన్ల ఫొటో తీస్తే హాట్ పిక్సెళ్లు (చీకట్లోనూ వెలిగే లోపమున్న పిక్సెళ్లు) చుక్కల్లా కనిపిస్తాయి. పదో ఇరవయ్యో ఉంటే కంగారు అక్కర్లేదు, రా సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాటిని చెరిపేస్తాయి.

చివరగా కార్డు స్లాట్‌లోకి టార్చి వేసి చూడండి. మార్క్ 2కు కాంపాక్ట్ ఫ్లాష్ కార్డే గతి. వంకరపోయిన ఒక్క పిన్ను చాలు, కార్డు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవడానికి.

3. టెస్టు ఏర్పాటు

కావలసినవి గట్టి ట్రైపాడ్, రెండు బాడీలకూ వాడే ఒకే ఒక్క లెన్స్, రిమోట్, గ్రే కార్డు (రంగు, వెలుగు సరిచూసే బూడిదరంగు అట్ట), కదలని దృశ్యం. దృశ్యంలో మూడు రకాలు ఉండాలి: చిన్న అక్షరాలున్న కాగితం, అల్లికో నూలో కనిపించే ముదురు రంగు గుడ్డ, వెలుతురు సరిగా చేరని మూల. ఆ చీకటి మూలను మరిచిపోతే తర్వాత వచ్చే ముఖ్యమైన పరీక్షే జరగదు.

ఒకే మోడల్ లెన్స్‌లు రెండుంటే ఒక్కో బాడీకి ఒక్కోటి తగిలించడం సౌకర్యమే, కానీ వద్దు. రెండు కాపీల మధ్య తేడా కొన్నిసార్లు రెండు కెమెరాల తేడాను మింగేస్తుంది. మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 పెట్టండి. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో కాంతి చెదరడం) వల్ల చిన్న పిక్సెళ్లున్న బాడీ మొగ్గు పోతుంది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఆపండి.

ఫోకస్‌ను వ్యూఫైండర్ ఆటోఫోకస్‌కు వదలకుండా, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) 10 రెట్లు పెద్దది చేసి చేత్తో సరిచేయండి. ఆ తర్వాత లెన్స్‌ను మాన్యువల్‌కు మార్చి రింగును ముట్టుకోకండి. బాడీ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేయాలి. 1/4 నుంచి 1/30 సెకను మధ్య వేగాల్లో అద్దం కొట్టే దెబ్బకే ఫొటో అదురుతుంది కాబట్టి మిర్రర్ లాకప్ (అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచడం) పెట్టండి, లేదా లైవ్ వ్యూలోనే తీయండి.

మెనూలో ఆపాల్సినవి: ఆటో లైటింగ్ ఆప్టిమైజర్, హై ఐఎస్‌ఓ నాయిస్ రిడక్షన్, అంచుల నలుపును సరిచేసే లెన్స్ కరెక్షన్, అన్నింటికన్నా ముఖ్యంగా హైలైట్ టోన్ ప్రయారిటీ (తెల్లని భాగాలు మాడకుండా కాపాడే సెట్టింగ్). మిగతావాటి ప్రభావం ప్రధానంగా జేపెగ్ మీద. హైలైట్ టోన్ ప్రయారిటీ మాత్రం రా ఫైలునూ మారుస్తుంది: ఐఎస్‌ఓను (సెన్సర్ సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే అంకెను) 200 కన్నా కిందికి దిగనివ్వదు, లోపల ఒక స్టాప్ తక్కువగా తీస్తుంది. ఒక బాడీలో ఇది ఆన్‌లో, మరోదానిలో ఆఫ్‌లో ఉంటే మీరు కొలిచే నాయిస్‌కు అర్థం లేదు.

వెలుతురు గురించి ఒక మాట. కరెంటు లైట్లు సెకనుకు 100 లేదా 120 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం పెరిగేకొద్దీ ఒక ఫొటో వెలుగ్గా, పక్కది చీకటిగా వస్తుంది. అందుకని లైటును బాగా తగ్గించండి. ఐఎస్‌ఓ 100 దగ్గర 8 సెకన్లు వచ్చేంత మసకగా పెట్టుకుంటే, ఐఎస్‌ఓ 25600కి వెళ్లినా 1/30 సెకనే వస్తుంది, బెడద ఉండదు.

4. ఐఎస్‌ఓ వరుస

100, 400, 1600, 3200, 6400, 12800, 25600. ఒక్కోదానికి మూడేసి ఫొటోలు, అపెర్చర్ మార్చకుండా షట్టర్‌తోనే సర్దుతూ. ఎప్పుడూ పూర్తి స్టాపులే వాడండి. మార్క్ 2లో 125, 160 లాంటి మధ్య విలువలు పక్కనున్న పూర్తి స్టాప్‌ను డిజిటల్‌గా పెంచో తగ్గించో వస్తాయి, వాటి నాయిస్ వరుసలో ఇమడదు. మార్క్ 2 మామూలు పరిధి 6400తో ముగుస్తుంది. 12800, 25600 కావాలంటే ఐఎస్‌ఓ ఎక్స్‌పాన్షన్ ఆన్ చేయాలి. మార్క్ 4 మామూలు పరిధే 32000 దాకా ఉంది.

ఇక్కడ కనిపించే తేడా చాలామందిని నిరాశపరుస్తుంది. ఐఎస్‌ఓ ఎక్కువైనప్పుడు నాయిస్‌లో పెద్ద వాటా కాంతిదే. తక్కువ కాంతి కణాలు చేరినప్పుడు వాటి లెక్కలోనే ఒడిదొడుకులుంటాయి. రెండు సెన్సర్ల సైజూ ఒకటే, వాటిపై పడే కాంతీ ఒకటే. ఎనిమిదేళ్ల సాంకేతికత ఆ ఒడిదొడుకులను చెరపలేదు. కాబట్టి బాగా ఎక్స్‌పోజ్ అయిన ఐఎస్‌ఓ 1600 ఫొటోలను ఒకే సైజులో చూసి, ‘ఇంతేనా’ అనిపిస్తే మీ టెస్టు తప్పని అనుకోకండి.

5. నీడల పరీక్ష: అసలు తేడా ఇక్కడే

ఐఎస్‌ఓ 100. దృశ్యంలో అతి తెల్లని భాగం తెల్లగా మాడిపోకుండా సరిగ్గా దాని అంచుకు వచ్చే షట్టర్ వేగాన్ని కనుక్కోండి. అక్కడి నుంచి ఒక్కో స్టాప్ తగ్గిస్తూ ఐదు స్టాపుల దాకా తీయండి. తర్వాత లైట్‌రూమ్ లాంటి రా సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్ స్లైడర్‌తో ఒక్కోదాన్ని అంతే మేర పైకి లాగండి. ఆ చీకటి మూలను చూడండి.

రెండు స్టాపుల వరకు మార్క్ 2 గౌరవంగానే ఉంటుంది. మూడు దాటాక నీడల్లో గీతలు, చారలు తేలతాయి. ఇవి మామూలు ఇసుక లాంటి నాయిస్ కాదు. ఇసుకను కన్ను క్షమిస్తుంది. వరుసగా ఉన్న చారలను క్షమించదు, నాయిస్ రిడక్షన్ కూడా వాటిని సరిగా తీసేయలేదు. మార్క్ 4లో నాలుగు స్టాపులు లాగినా ఇసుకే వస్తుంది, చారలు దాదాపు ఉండవు.

కారణం సెన్సర్ లోపలి అమరికలో ఉంది. పాత తరం కెనాన్ సెన్సర్లలో పిక్సెల్ సంకేతం అనలాగ్ రూపంలోనే సెన్సర్ దాటి బయటికొచ్చి, వేరే చిప్‌లో అంకెలుగా మారేది. ఆ దారిలో చేరే విద్యుత్ రొదే చారలకు మూలం. మార్క్ 4లో అనలాగ్ నుంచి డిజిటల్‌కు మార్చే భాగం సెన్సర్ మీదే ఉంది. దూరం తగ్గింది, రొద తగ్గింది.

దీనికి జంట పరీక్ష ఒకటి తప్పక చేయండి. ఒకే షట్టర్, ఒకే అపెర్చర్‌తో రెండు ఫొటోలు: ఒకటి ఐఎస్‌ఓ 1600లో, రెండోది ఐఎస్‌ఓ 100లో తీసి నాలుగు స్టాపులు పైకి లాగింది. మార్క్ 2లో మొదటిది స్పష్టంగా శుభ్రంగా ఉంటుంది. మార్క్ 4లో రెండూ చాలా దగ్గరగా వస్తాయి. అంటే కొత్త బాడీతో హైలైట్లను కాపాడుకుంటూ కావాలని తక్కువగా తీసి తర్వాత లేపుకోవచ్చు. పాత బాడీతో మాత్రం తీసేటప్పుడే సరిగ్గా తీయాలి. ఎదురెండలో పోర్ట్రెయిట్లు, సూర్యాస్తమయాలు తీసేవాళ్లకు ఈ ఒక్క ఫలితమే నిర్ణయం చెబుతుంది. లైట్లు తామే అమర్చుకుని స్టూడియోలో తీసేవాళ్లకు దీంతో పనే పడదు.

6. ఫైళ్లు తెరిచేటప్పుడు

రెండింటికీ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే వెర్షన్. షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ రెండూ సున్నా చేయండి; లైట్‌రూమ్ మనం చెప్పకుండానే కలర్ నాయిస్ రిడక్షన్‌ను 25 దగ్గర పెడుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను గ్రే కార్డు మీద నొక్కి విడివిడిగా సరిచేయండి, కెల్విన్ అంకెలు ఒకటే పెట్టడం వల్ల రంగులు కలవవు.

ఒకే షట్టర్, అపెర్చర్, ఐఎస్‌ఓ ఉన్నా ఒక ఫొటో కొంచెం వెలుగ్గా రావచ్చు. ఐఎస్‌ఓ లేబుల్‌ను ప్రతి తరంలోనూ ఒకేలా అమర్చాలని లేదు. గ్రే కార్డు మీది విలువలు సమానమయ్యేదాకా ఎక్స్‌పోజర్ స్లైడర్ జరిపి, ఎంత జరిపారో రాసుకోండి. మూడో వంతు స్టాప్ తేడా సహజం. అంతకన్నా ఎక్కువొస్తే ముందు వెలుతురును అనుమానించండి.

ఆఖరి మెట్టు సైజు. 6720 వెడల్పున్న ఫైలును 5616కి కుదించి అప్పుడు పక్కపక్కన పెట్టండి. నూరు శాతం జూమ్‌లో మార్క్ 4 ఫొటోను మీరు 20 శాతం ఎక్కువ పెద్దది చేసి చూస్తున్నట్టు లెక్క, నాయిస్ ఎక్కువ కనిపించక ఏంచేస్తుంది? ‘కొత్తది పాతదాని కన్నా అధ్వానం’ అని వినిపించే తీర్పుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క పొరపాటే.

7. ఆటోఫోకస్‌ను ట్రైపాడ్ మీద కొలవలేం

ముందుగా రెండు బాడీల్లోనూ ఆ లెన్స్‌కు ఏఎఫ్ మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఆటోఫోకస్ కాస్త ముందుకో వెనక్కో తప్పితే చేసే దిద్దుబాటు) చేసుకోండి. రెండింటిలోనూ ప్లస్ మైనస్ 20 వరకు వీలుంది. మార్క్ 2 జూమ్ లెన్స్‌కు ఒకే విలువ గుర్తుంచుకుంటుంది, మార్క్ 4 వైడ్ చివరకు ఒకటి, టెలీ చివరకు ఒకటి దాచుకుంటుంది.

మొదటి పరీక్ష పాయింట్ల నాణ్యత. మార్క్ 2లో ఎంచుకోదగ్గ పాయింట్లు 9, వాటిలో క్రాస్ టైప్ (అడ్డం, నిలువు గీతలు రెండింటినీ పట్టుకునేది) మధ్యది మాత్రమే. మార్క్ 4లో 61, వాటిలో 41 దాకా క్రాస్ టైప్. లెన్స్‌ను బట్టి ఆ సంఖ్య తగ్గుతుంది, కాబట్టి మీ దగ్గరున్న లెన్స్‌తోనే చూడండి. నల్లగీతలు గీసిన కాగితాన్ని గోడకు అతికించి, మసక వెలుతురులో పక్క పాయింట్లను ఒక్కొక్కటిగా దానిపై పెట్టి పది పదిసార్లు ఫోకస్ చేయండి. తర్వాత కాగితాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ చేయండి. క్రాస్ టైప్ కానిది ఒక దిశలో గీతలను వెంటనే పట్టుకుని, మరో దిశలో ముందుకూ వెనక్కూ వెతుక్కుంటుంది. మార్క్ 2 వాడేవాళ్లు మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి ఫ్రేమ్ జరుపుకోవడం అలవాటుగా చేసేది అందుకే.

రెండో పరీక్ష కదిలే మనిషి. ఛాతీ మీద అక్షరాల కాగితం అంటించుకున్న వ్యక్తిని 15 మీటర్ల దూరం నుంచి 3 మీటర్ల దాకా ఒకే వేగంతో నడిచి రమ్మనండి. ఏఐ సర్వో (కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ చేసే మోడ్), 1/500 సెకను, ఎఫ్/2.8. ఒక్కో బాడీతో కనీసం ఐదు విడతలు. మొదట మధ్య పాయింట్‌తో, తర్వాత పక్క పాయింట్‌తో. ఫొటోలను మూడు కుప్పలు చేయండి: పదును, మీ చివరి సైజులో పనికొచ్చేది, పారేయాల్సింది.

శాతం ఒక్కటే చూస్తే మోసపోతారు. రెండు బాడీలకూ నూటికి 60 చొప్పునే పదునైనవి వచ్చాయనుకుందాం. అప్పుడు కూడా సెకనుకు 3.9 తీసేది 2.3 మంచి ఫొటోలిస్తే, 7 తీసేది 4.2 ఇస్తుంది. క్రీడలు తీసేవాళ్లకు కావలసింది ఆ రెండో అంకె. మధ్య పాయింట్‌తో రెండూ దగ్గరదగ్గరగా వచ్చి, పక్క పాయింట్‌తో మార్క్ 2 చతికిలపడితే ఆశ్చర్యపోకండి. ఎక్కువగా జరిగేది అదే.

8. లైవ్ వ్యూ, వీడియో

ఇక్కడ పెద్ద చర్చ అక్కర్లేదు. మార్క్ 2 లైవ్ వ్యూలో కదిలే వస్తువును ఆటోఫోకస్‌తో వెంబడించలేం, మార్క్ 4లో డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ ఆ పని చేస్తుంది. వీడియో పోల్చేటప్పుడు మాత్రం పెంకుల పైకప్పునో సన్న చారల చొక్కానో తీయండి. మార్క్ 2లో రంగురంగుల అలలు తేలతాయి. మార్క్ 4లో 4కే పెడితే సెన్సర్ మధ్య భాగమే వాడుకుంటుంది కాబట్టి మీ వైడ్ లెన్స్ వైడ్‌గా మిగలదు. ఒక్క నిమిషం 4కే సుమారు 4 జీబీ దాకా తింటుందన్నది కూడా గుర్తుండాలి.

9. మీ జత వేరే అయితే

సెన్సర్ సైజులు వేరైతే ఫోకల్ లెంగ్త్, అపెర్చర్, ఐఎస్‌ఓ మూడింటినీ సర్దాలి. కెనాన్ ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) మీద 50 ఎంఎం, ఎఫ్/2.8కి ఫుల్ ఫ్రేమ్ మీద సాటి 80 ఎంఎం, ఎఫ్/4.5, ఐఎస్‌ఓను సుమారు ఒకటీ మూడో వంతు స్టాపు పెంచాలి. కెమెరాను ముందుకూ వెనక్కూ జరపొద్దు, పర్‌స్పెక్టివ్ మారిపోతుంది.

నైకాన్‌లో మౌంట్ ఒకటే అయినా లెన్స్ పనిచేస్తుందన్న హామీ లేదు. ఏఎఫ్-పీ లెన్స్‌లు డీ90, డీ700 లాంటి పాత బాడీలపై ఫోకస్ కావు. తిరగేసి చూస్తే, 2017లో వచ్చిన డీ7500లో పాత ఏఐ మాన్యువల్ లెన్స్‌లకు మీటరింగ్ లేదు. దానికన్నా ముందొచ్చిన డీ7200లో ఉంది. కొత్తదానిలో అన్నీ ఎక్కువే ఉంటాయనుకోవడం ఇలాంటి చోటే దెబ్బతీస్తుంది.

10. బాడీ వెనకాల వచ్చేవి

ఐఎస్‌ఓ 100 రా ఫైలు మార్క్ 2లో సుమారు 26 ఎంబీ, మార్క్ 4లో సుమారు 37 ఎంబీ. డిస్కులు, బ్యాకప్, కంప్యూటర్ ర్యామ్ అన్నీ ఆ నిష్పత్తిలో ఆలోచించుకోవాలి. బ్యాటరీలు మాత్రం కలిసొస్తాయి: పాత ఎల్‌పీ-ఈ6 కొత్త బాడీలోనూ, కొత్త ఎల్‌పీ-ఈ6ఎన్ పాతదానిలోనూ పనిచేస్తాయి. మార్క్ 4లో కాంపాక్ట్ ఫ్లాష్, ఎస్‌డీ రెండు స్లాట్లున్నాయి. మళ్లీ తీయడానికి వీల్లేని సందర్భాలను డబ్బు తీసుకుని తీసేవాళ్లకు మా దృష్టిలో ఇది మెగాపిక్సెళ్ల కన్నా పెద్ద కారణం.

11. పేర్లు దాచి చూడండి

మీరు నిజంగా తీసే తరహా ఫొటోలు 20 జతలు ఎంచుకోండి. మీ మామూలు పద్ధతిలో ఎడిట్ చేసి, ఒకే సైజుకు తెచ్చి, ఫైల్ పేర్లూ ఎగ్జిఫ్ వివరాలూ ఇంకొకరితో మార్పించండి. ప్రింట్లయితే చేతిలో పట్టుకునే దూరంలో, స్క్రీన్ అయితే మామూలుగా కూర్చునే దూరంలో చూస్తూ ఏది ఏ బాడీదో చెప్పండి.

ఊరికే ఊహించినా పదికి అటూఇటూ సరిపోతాయి. ఊహతోనే 15 గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరిగ్గా చెప్పడానికి ఉన్న అవకాశం నూటికి రెండే. కాబట్టి 15 దాటితే తేడా మీ కంటికి నిజంగానే కనిపిస్తోంది. ఏ జతల్లో పట్టుకున్నారో చూడండి, అవన్నీ నీడలు లేపినవేనా, కదిలే మనుషులవేనా అని. పది, పదకొండు దగ్గర ఆగితే చిత్ర నాణ్యత కోసం బాడీ మార్చాల్సిన అవసరం లేదు. అప్పుడు మిగిలేవి ఏడో భాగంలోని ఆటోఫోకస్ పరీక్షల్లో వచ్చిన అంకెలు, రెండో కార్డు స్లాట్. అవి కూడా మీ పనికి అక్కర్లేనివైతే ఆ డబ్బును లెన్స్ మీదో ఫ్లాష్ మీదో పెట్టండి.